గురువారం మాత్ర

మీ ఇంట్లో పొద్దున లేస్తూనే వేళ్ళు ముడవలేక, కాఫీ లోటా పట్టుకోలేక అవస్థ పడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అత్తగారో, అమ్మో, వదినో, లేకపోతే మీరేనో? ఉంటే ఈ వారం వంటల పేజీ కాసేపు పక్కన పెట్టి ముందు ఇది చదవండి. నేను డాక్టర్ని కాను, ఇంటర్ దాకా చదువుకుని పెళ్ళయి వచ్చినదాన్ని. కానీ మా పులివెందుల ఇంట్లో మూడేళ్ళ పాటు కీళ్ళ మందులతో పడ్డ పాట్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని పొరపాట్లు మా చేతులారా చేసుకున్నవి. అవి మీ ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

మా అత్తకు యాభై ఎనిమిదో ఏట మొదలైంది. రెండు చేతుల వేళ్ళ కణుపులు, మణికట్లు వాచేవి. పొద్దున రెండు గంటల సేపు చేతులు కొయ్యల్లా ఉండేవి. ఎండ ఎక్కాక కాస్త నయం. "వయసు మీద పడింది, ఇంకేముంది" అన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. మన వైపు కీళ్ళ నొప్పి కొత్తా ఏమన్నానా? జిల్లాలో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ, దానివల్ల నడుములు పట్టేసినవాళ్ళను చూస్తూనే పెరిగాం.

అప్పుడు ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి చెట్ల మందు అని పొట్లాలు అమ్మేవాడు. గోధుమరంగు పొడి, తేనెతో పొద్దున, రాత్రి. మీరు నమ్మరు, నాలుగో రోజుకు మా అత్త తనే లేచి కళ్ళాపి చల్లింది. "ఏమ్మే, సూస్తివా, నొప్పి ఉన్నెట్టే ల్యా!" అని నాకు చేతులు ముడిచి తెరిచి చూపించింది. ఆ సంతోషంలో వీధిలో ఇంకో ముగ్గురికి నేనే చెప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నాలుగైదు నెలలు గడిచేసరికి ఆమె ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా అయింది. ఒళ్ళు చేసిందని అందరూ మెచ్చుకున్నారు. చేతులు మాత్రం సన్నబడ్డాయి, చిన్న దెబ్బ తగిలినా నీలం మచ్చలు. ఎప్పుడూ లేని షుగరు వచ్చింది. ఇంతలో పొడి అమ్మే మనిషి రావడం మానేశాడు. పొడి అయిపోయిన వారానికి మా అత్త మంచం మీంచి లేవలేకపోయింది, వాంతులు, కళ్ళు తిరగడం. కడపకు తీసుకుపోతే డాక్టరు ముఖం చూస్తూనే, "ఏదైనా పొడి తింటున్నారా?" అని అడిగారు. ఇవన్నీ స్టెరాయిడ్ ఎక్కువ రోజులు తింటే వచ్చే లక్షణాలనీ, ఇలాంటి పొడుల్లో దాన్ని కలిపి అమ్మడం తాము చాలాసార్లు చూశామనీ చెప్పారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి, "అయితే మా అమ్మ తినే పొడి కూడా అదేనేమో" అని ఈ రోజే విసిరి పారేయకండి. బయటినుంచి నెలల తరబడి స్టెరాయిడ్ అందుతుంటే, ఒంట్లో మూత్రపిండాల మీద ఉండే గ్రంథి తను చేయాల్సిన పని మానుకుంటుంది. ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వాళ్ళు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపుతారు.

1948లో రెండు మందులు

స్టెరాయిడ్ చెడ్డ మందు అని కాదు నేను చెప్పేది. 1948 సెప్టెంబరులో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు ఫిలిప్ హెంచ్, కీళ్ళవాతంతో కదల్లేని ఒకామెకు కార్టిజోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి బజారుకు వెళ్ళి వచ్చింది. లోకమంతా ఆశ్చర్యపోయింది. 1950లో హెంచ్‌కు, మరో ఇద్దరికి నోబెల్ బహుమతి ఇచ్చారు. తర్వాత్తర్వాత తెలిసింది, ఎక్కువ రోజులు వాడితే ముఖం ఉబ్బడం, షుగరు, ఎముకలు గుల్లబారడం. మా అత్త నాలుగో రోజు కళ్ళాపి చల్లిందని చెప్పాను చూడండి, అదే కథ మా వాకిట్లో మళ్ళీ జరిగింది. హెంచ్ తను ఇస్తున్నదేమిటో, ఎంత ఇస్తున్నాడో తెలిసి ఇచ్చాడు. మాకు మందు పేరు కూడా తెలియదు.

అదే 1948లో ఇంకో మందు కథ కూడా మొదలైంది. అది నిదానం మందు. దాన్ని చేయించింది మన తెలుగాయనే అని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

కడపలో రక్తపరీక్షలన్నీ చేసి, మా అత్తది వయసు నొప్పి కాదు, రుమటాయిడ్ అనే కీళ్ళవాతమని తేల్చారు. మన ఒంటిని కాపలా కాయాల్సిన శక్తే దారి తప్పి కీళ్ళ మీద పడటమట. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడింతలు ఎక్కువ వస్తుంది. మోకాలి గుజ్జు అరిగి మెట్లెక్కేటప్పుడు వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. రెండు చేతుల చిన్న కీళ్ళూ ఒకేసారి వాచి, పొద్దున గంటకు పైగా పట్టేస్తుంటే ఇదేమోనని చూపించుకోవాలి. ఆలస్యమైతే వేళ్ళు వంకర్లు పోతాయి, మళ్ళీ తిన్నగా కావు. మేము ఆ పొడితో ఏడాది పోగొట్టుకున్నాం. మా అత్త కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ పక్కకే ఉంది.

డాక్టరు మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. వారానికి ఒక్కసారే. చీటీ మీద పెద్ద అక్షరాలతో 'గురువారం' అని రాసి కింద రెండు గీతలు గీశారు. మరో రోజు తినడానికి ఫోలిక్ యాసిడ్ మాత్ర. "గుణం కనపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టండి" అన్నారు. నాలుగు రోజుల పొడి రుచి చూసిన మా అత్తకు ఆ మాట ఏం నచ్చుతుంది?

మేము చేసిన తప్పు

ఇంట్లో మందులన్నీ ఒకే డబ్బాలో పెట్టుకోవడం మనకు అలవాటు. బి.పి. మాత్ర, షుగరు మాత్ర, గ్యాస్ మాత్ర, అన్నీ రోజూ తినేవే. నేను పెళ్ళికని ప్రొద్దుటూరు పోయిన మూడు రోజుల్లో మా అత్త తనే మందులు తీసుకుంది. పసుపుపచ్చని చిన్న మాత్ర, రోజుకొకటి. గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి. శనివారం పొద్దున నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి మూడోది అరచేతిలో ఉంది. "రోజూ తింటే బిరీన తగ్గుతాదని" అంది.

ఆ మాత్ర లాక్కుని అప్పటికప్పుడు ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. రక్తపరీక్ష చేసి, విరుగుడు మందిచ్చి, నాలుగు రోజులు కనిపెట్టి చూశారు. నోట్లో పుండ్లు లేచాయి, సంగటి ముద్ద కూడా మింగలేకపోయింది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది. ఈ మాత్రను వారానికి బదులు రోజూ తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారని డాక్టరు చెప్పినప్పుడు నాకు కాళ్ళలో సత్తువ లేకపోయింది. తప్పు మందుది కాదు, మా డబ్బాది.

అందుకే మీకు చెబుతున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర తింటుంటే దాన్ని వేరే డబ్బాలో, వేరే అరలో పెట్టండి. వారం పేరు ఇంట్లో అందరికీ చెప్పండి, చదువురాని పెద్దవాళ్ళయితే మీరే చేతికివ్వండి. నోట్లో పుండ్లు, జ్వరం, ఎక్కడ పడితే అక్కడ నీలం మచ్చలు, ఆగని దగ్గు, ఆయాసం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. డాక్టరు చెప్పిన గడువుకు రక్తపరీక్షలు మానకూడదు. మూత్రంలో మంటకో, దగ్గుకో సెప్ట్రాన్ లాంటి సల్ఫా మాత్రలు మీ అంతట మీరు కొని వేయకండి, ఆ రెండూ పడవు. పెళ్ళయి పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలు ఈ మాత్ర మొదలుపెట్టేముందే ఆ సంగతి డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పాలి. కడుపులో బిడ్డకు ఇది చేటు చేస్తుంది.

ఇంత ప్రమాదమైతే ఎందుకు తినడం అంటారా? చెబుతాను. ఆ నాలుగు రోజులు ఆస్పత్రి బెంచీ మీద నేనూ ఇదే అనుకున్నాను.

మన ఒంట్లో కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి. గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఉండేది అదే. మెథోట్రెక్సేట్ చూడటానికి దాదాపు దానిలాగే ఉంటుంది. తాళంలో తప్పుడు చెవి ఇరుక్కున్నట్టు ఇరుక్కుని అసలుదాన్ని పని చేయనివ్వదు. రోజూ తింటే రక్తం, నోటి పొర, పేగు పొర లాంటి త్వరత్వరగా పుట్టే కణాలన్నీ దెబ్బతింటాయి. వారానికొకసారి తక్కువ మోతాదులో, మామూలుగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల దాకా ఇస్తే, కీళ్ళ మీద పడిన మంటను చల్లారుస్తుంది. సోరియాసిస్ అనే పొలుసుల చర్మరోగానికీ ఇదే మాత్ర.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఇప్పుడు ఆ తెలుగాయన సంగతి. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు పెద్ద డిగ్రీకి బదులు చిన్న డిగ్రీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అన్నదమ్ములను స్ప్రూ అనే విరేచనాల జబ్బు పొట్టన పెట్టుకుంది. తర్వాత అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

ఫోలిక్ యాసిడ్ కథ కూడా మన దేశంలో మొదలైందే. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే లేడీ డాక్టరు, రక్తం తగ్గిపోయిన గర్భిణులకు ఈస్టుతో చేసే మార్మైట్ అనే పదార్థం పెట్టి నయం చేసింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి పేరు లేదు. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. అదే ఫోలిక్ యాసిడ్.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరుకు, ఈ విటమిన్ రక్త క్యాన్సరును పెంచుతున్నట్టు అనుమానం వచ్చింది. దీన్ని అడ్డుకునేదేదైనా ఉంటే ఆ క్యాన్సరుకు మందవుతుంది కదా అనుకున్నారు. సుబ్బారావు గారి కింద పనిచేసే డోరిస్ సీగర్ అనే ఆమె, ఆమె తోటివాళ్ళు అమినోప్టెరిన్ అనేదాన్ని చేశారు, ఆ వెంటే దాని చెల్లెలు మెథోట్రెక్సేట్‌ను. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు.

1951లో గబ్నర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు కీళ్ళవాతం, సోరియాసిస్ ఉన్నవాళ్ళకు అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తే వాపులు తగ్గాయి, చర్మం శుభ్రపడింది. అయినా అప్పటికప్పుడు అందరికీ పంచిపెట్టలేదు. అందరి దృష్టీ కార్టిజోన్ మీదే ఉంది. మెథోట్రెక్సేట్‌ను ఎన్నో ఏళ్ళు వాడి, కాలేయానికి ఏమవుతుందో, రక్తానికి ఏమవుతుందో చూసి, ఉత్తి మాత్రతో పోల్చి పరీక్షలు చేశారు. కీళ్ళవాతానికి అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది 1988లో. అంటే ఆ మొదటి వాపు తగ్గిన రోజు నుంచి లెక్కేస్తే ముప్పై ఏడేళ్ళు! వారానికి ఒక్కసారే వేయాలి, పక్కన ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలి అన్న జాగ్రత్తలన్నీ అలా ఏళ్ళ తరబడి చూసి నేర్చుకున్నవే.

పార్సిల్లో వచ్చిన సీసాలు

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన సంక్రాంతికి మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. మా ఆడబిడ్డ కొడుకు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు, అవ్వంటే ప్రాణం. వ్యాయామశాలలో స్నేహితులు చెప్పారని రెండు చిన్న సీసాలు తెప్పించి పంపాడు. అడుగున ఉప్పు పొడిలా తెల్లగా ఏదో ఉంది. "అత్తా, ఇది పెప్టైడ్. నీళ్ళలో కలిపి ఇన్సులిన్ సూదితో పొట్ట దగ్గర వేస్తే కీళ్ళు, నరాలు అన్నీ అతుక్కుంటాయంట. అవ్వకు ఆ విషం మాత్ర మాన్పించు" అని ఫోను. నాకు కూడా ముఖం ముడతలకు ఒక నీలం ద్రవం పంపాడు. పిల్లవాడి ప్రేమను కాదనలేం కదా!

సీసా మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. భూతద్దం పెట్టి చదివాను. బి.పి.సి.-157 అని ఉంది. కింద ఇంగ్లీషులో, పరిశోధన కోసం మాత్రమే, మనుషులు వాడటానికి కాదు అని ఉంది. మనుషులకు కాదన్నదాన్ని మనిషికే ఎలా పొడుస్తాం? సీసాలు సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆయన కోప్పడతారనుకుంటే కూర్చోబెట్టి చెప్పారు. పెప్టైడ్ అంటే భయపడాల్సిన మాట కాదట. మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లాలు కొన్ని పూసల్లా గుచ్చిన చిన్న దండ. మన ఫ్రిజ్ తలుపులో ఉండే ఇన్సులిన్ కూడా 51 పూసల పెప్టైడే. బి.పి.సి.-157కు 15 పూసలు. క్రొయేషియా దేశంలో జాగ్రెబ్ ఊరి పరిశోధకులు 1990ల నుంచి దాని మీద పనిచేస్తున్నారు. ఎలుకల్లో తెగిన స్నాయువులు త్వరగా అతికాయని రాశారు. కానీ మనుషుల మీద చేసి ప్రచురించినవి చాలా కొద్ది, అవీ కొద్దిమందితో చేసిన చిన్న పరీక్షలు. దానికి కొత్త రక్తనాళాలు మొలిపించే గుణం ఉందంటారు. పుండు మానడానికి అది మంచిదే, కానీ ఒంట్లో ఎక్కడైనా చిన్న గడ్డ దాగి ఉంటే దానికీ అదే మేతవుతుందేమోనని డాక్టర్ల అనుమానం. క్రీడల్లో మత్తుమందులను అరికట్టే ప్రపంచ సంస్థ 2022లో దీన్ని నిషేధించింది. అమెరికా మందుల శాఖ 2023లో, మందుల షాపుల్లో కలిపి ఇవ్వడానికి భద్రత విషయంలో సందేహాలున్న పదార్థాల జాబితాలో దీన్ని చేర్చింది.

"అన్నిటికంటే ముఖ్యం, మీ అత్తగారి కీలు తెగలేదమ్మా, మంట పుట్టింది. దీన్ని నమ్ముకుని ఆ మాత్ర మాన్పిస్తే మళ్ళీ వాపు మొదలవుతుంది" అన్నారాయన. సీసాలో ఉన్నది పేరులో చెప్పిందేనా, సూక్ష్మక్రిములు లేకుండా చేశారా అన్నది చూసే నాథుడు లేడు. నాకు మా ప్రొద్దుటూరు బంగారు బజారు గుర్తొచ్చింది. అరగ్రాము ముక్కుపుడక కొన్నా గీటురాయి మీద గీసి చూడమంటాం. ఒంట్లోకి పోయే సూదికి మాత్రం అడగం. మందు పొట్లం మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడటానికి ఎంతసేపు పడుతుంది?

ఆ నీలం ద్రవం మాటకొస్తే, అది రాగి కలిసిన మూడు పూసల పెప్టైడ్. 1973లో లారెన్ పికార్ట్ అనే ఆయన మనిషి రక్తంలో కనిపెట్టారు. పైపూత క్రీముల్లో చాలా ఏళ్ళుగా వాడుతున్నారు, దానితో నాకు పెద్ద పేచీ లేదు. అయితే క్రీముగా పూసుకోవడం వేరు, సూదితో ఎక్కించుకోవడం వేరు. మా అద్దంలో ముడతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంకో సంగతి. ఈమధ్య కొల్లాజెన్ పొడి డబ్బాలు వేల రూపాయలకు అమ్ముతున్నారు. కొల్లాజెన్ అంటే మన చర్మాన్ని, కీళ్ళను పట్టి ఉంచే మాంసకృత్తి. మేక కాళ్ళ షేర్వా కాచి రాత్రి ఉంచితే తెల్లారికి గడ్డకడుతుంది చూడండి, ఆ జిగురు దానిదే. అది తింటే నేరుగా మోకాలికి పోదు, కడుపులో ముక్కలై అన్ని మాంసకృత్తుల్లో కలిసిపోతుంది. మోకాలి నొప్పికి కొంత నయమని కొన్ని చిన్న పరీక్షల్లో తేలిందంటారు, కీళ్ళవాతానికి మాత్రం అది మందు కాదు. ఒంట్లో కొల్లాజెన్ తయారు కావాలంటే సి విటమిన్ తప్పనిసరి. అది లేక పూర్వం ఓడ నావికులకు చిగుళ్ళు కారి, ఎప్పుడో మానిన గాయాలు కూడా విచ్చుకునేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు నారింజ, నిమ్మ పళ్ళు పెట్టి నయం చేశాడు. మనకు ఊరి చుట్టూ చీనీ తోటలే. ఉసిరి, జామ, చీనీ పిల్లలకు, పెద్దలకు పెట్టండి. పప్పు, గుడ్డు, పాలు ఉండనే ఉన్నాయి. మా అత్తకు షుగరు కాబట్టి రసం తీయకుండా తొనలుగానే ఇస్తున్నాను.

సీసాలు డాక్టరు దగ్గరే వదిలేసి వచ్చాను. మా వాడికి ఫోను చేసి, "నాయనా, అవ్వకు కావాలంటే మెత్తటి చెప్పులు పంపు" అన్నాను. ముందు అలిగాడు, తర్వాత పంపాడు.

గురువారం మాత్రకు మూడో నెలలో గుణం కనిపించింది. ఒక పొద్దున మా అత్త తనంతట తనే రవిక హుక్కులు పెట్టుకుంది. ఇప్పుడు చింతపండు పిసుకుతుంది, పూలు కడుతుంది, చపాతీ పిండి మాత్రం నా వంతే. మాత్ర పాత హార్లిక్స్ సీసాలో, నా బీరువాలో, తాళం కింద ఉంటుంది. వేసిన రోజు క్యాలెండరులో ఆ తేదీ మీద పసుపుతో బొట్టు పెడతాను.

గురువారం కాఫీ తాగి లోటా కింద పెడుతూ, "ఏమ్మే, ఈ పొద్దు ఏం వారం?" అని అడుగుతుంది. వారం తెలిసే అడుగుతుంది.